పాత సి.ఎన్.సి. మిల్లింగు యంత్రమును కొనుట ఎట్లు?

(గ్రామ గ్రంథాలయ సమావేశమున విశ్రాంత వర్క్‌షాపు ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నన్ను ఇచ్చటికి పిలిపించినవారు మీ గ్రామ యువకులే. వీరిలో పలువురు ఐ.టి.ఐ.లో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు శిక్షణలు పొందినవారు. పగలంతయు మోటారు పంపులను, ట్రాక్టరులను బాగుచేసి జీవించుచు, రాత్రివేళ రెండు గంటలు తమ ముచ్చట తీర ఏదైన చేసికొనవలెనను కోరిక గలవారు. ఒకరు ఇత్తడితో చిన్న ఆవిరియంత్రపు నమూనాను చేయుచున్నారు. మరియొకరు పాత గోడగడియారమునకు పళ్ళచక్రములు కోయుచున్నారు. "మాస్టారూ, పట్నములో పాత సి.ఎన్.సి. యంత్రములు చౌకగా దొరకుచున్నవట. మావంటివారు కొనవచ్చునా?" అని వీరు నన్నడిగిరి.

కొనవచ్చును. కాని ఎట్లు కొనవలెనో తెలిసి కొనవలెను. తెలిసియుండియు తెలియనివానివలె కొని నష్టపడినవాడను నేనే గనుక, ఆ సంగతిని మొదట విన్నవించెదను.

నేను నష్టపడిన విధము

నేను 2011వ సంవత్సరమున ఉద్యోగ విరమణ చేసితిని. ముప్పది ఏండ్లు పిల్లలకు మిల్లింగు నేర్పినవాడను. ఇంటి వెనుక రేకుల పాకలో నాకంటూ ఒక యంత్రముండవలెనని చాలకాలముగా కోరిక. పాత యంత్రముల వ్యాపారి యొకరి వద్ద ఒకటి కనబడినది. దానికి అప్పుడే ఆకుపచ్చ రంగు వేసి తళతళలాడునట్లు నిలిపియుంచిరి. నడిపి చూపుమంటిని. "నిన్నటిదాకా నడిచిందండీ, షెడ్డుకు కరెంటు ఇవాళే తీశారు" అని అతడనెను. నేను బల్లను చేతితో నిమిరి, 2 లక్షల 60 వేల రూపాయలకు బేరము కుదుర్చుకొంటిని. అందులో పెద్ద భాగము ఇంటి పైకప్పు మరమ్మతుకై నా భార్య చిట్టీ కట్టి కూడబెట్టిన సొమ్ము.

యంత్రము ఇల్లు చేరినది. కరెంటు ఇచ్చితిని. తెర వెలిగినది, దానినిండ హెచ్చరికలే గాని బల్ల వెంట్రుకవాసి కూడ కదలలేదు. కారణము తరువాత తెలిసినది. ఆ యంత్రపు జ్ఞాపకశక్తిని నిలుపు చిన్న బ్యాటరీ ఎన్నడో ఇంకిపోయి, యంత్రమునకు సంబంధించిన అంకెలన్నియు చెరిగిపోయినవి. వానిని వ్రాసియుంచిన కాగితము పెట్టెలో లేదు. ఎనిమిది నెలలు తిరిగి ఎట్లో ఆ అంకెలను సంపాదించి కదిలించితిని గదా, అప్పుడు స్క్రూలు అరిగిపోయినవని తేలినది. తుదకు దానిని ఇనుప తూకమునకు అమ్మివేసితిని. రెండు వర్షకాలములు మా ఇంట చూరుక్రింద గిన్నెలు పెట్టుకొంటిమి. నా భార్య ఒక్క మాటయైనను అనలేదు. అనకపోవుటయే నాకు ఎక్కువ బాధ కలిగించినది.

నీళ్ళలో నున్న బర్రెను చూచి బేరమాడరాదని పెద్దలందురు. నేను చేసినది సరిగా అదియే. మీరు సంతలో ఎద్దును కొనునప్పుడు ఏమి చేయుదురు? పళ్ళు పట్టి చూచెదరు, నడిపించి చూచెదరు, కాడి కట్టి లాగించి చూచెదరు. నేడు నేను చెప్పబోవునదంతయు ఈ మూడు పనులే.

ఈ యంత్రమన నేమి?

మిల్లింగు యంత్రమున తిరుగుచున్న కోత పనిముట్టు లోహమును చెక్కును. లోహమును బిగించిన బల్ల ముందువెనుకలకు, కుడియెడమలకు కదలును. కోత పనిముట్టు పైకి క్రిందికి కదలును. పూర్వము ఈ మూడు కదలికలను పనివాడు చేతిచక్రములతో నడిపెడివాడు. సి.ఎన్.సి. యంత్రమున అంకెల రూపమున వ్రాసియిచ్చిన ఆజ్ఞల ననుసరించి మోటారులు నడుపును.

ఇది అమెరికాలో పుట్టినది. హెలికాప్టరు రెక్కల ఆకృతిని కచ్చితముగా కోయవలసిన అవసరము వలన జాన్ పార్సన్సు అను నతడు ఈ ఆలోచన చేసెను. అచ్చటి వైమానిక దళము 1949లో ధనసహాయము చేయగా, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారు 1952లో తొలి యంత్రమును ప్రదర్శించిరి. రంధ్రములు పొడిచిన టేపు దానికి ఆజ్ఞలిచ్చెను. దానిని నడుపు వాక్యూము గొట్టముల బీరువా యంత్రముకంటె ఎక్కువ స్థలము నాక్రమించెనట! నేడు ఆ పనిని అరచేయి యంత పలక చేయుచున్నది. మన హైదరాబాదులో ప్రాగా టూల్స్ సంస్థ 1943లోను, బాలానగరులో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ 1968లోను వెలసినవి. కావున ఈ విద్య మనకు క్రొత్త కాదు.

మొదట మన అవసరమును కొలుచుకొనవలెను

యంత్రమును చూడబోవుటకు ముందు, మీరు చేయదలచిన వస్తువులలో పెద్దదానిని కాగితముమీద గీయుడు. అది జానెడు మించనిచో జానెడు వస్తువునకు తగిన యంత్రమే చాలును. కర్మాగారములలో వాడు సెంటరు యంత్రము చిన్నదైనను రెండు మూడు టన్నుల బరువుండును. దానికి త్రీఫేజు కరెంటు కావలెను. పనిముట్లను మార్చుటకు గాలి కంప్రెసరు కావలెను. గట్టి కాంక్రీటు నేల కావలెను. పాలిటెక్నిక్కులలో, ఇంజనీరింగు కళాశాలలలో శిక్షణకై వాడిన చిన్న యంత్రములు కొన్ని వందల కిలోలే యుండును. పలుమారు ఇంటి కరెంటుతోనే నడచును. వానిపై పిల్లలు నేర్చుకొందురే గాని మూడు పూటల పని జరుగదు గనుక అరుగుదల తక్కువ. మోటారు చిన్నదగుటచే ఉక్కును లోతుగా కోయజాలవు గాని, ఇత్తడికి, అల్యూమినియమునకు, కొయ్యకు సరిపోవును. ముచ్చటకు కొనువారికి ఇవియే మేలు.

కరెంటు సంగతి మరువరాదు. ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల సింగిల్ ఫేజు. పెద్ద యంత్రములకు 415 వోల్టుల త్రీఫేజు కావలెను. వి.ఎఫ్.డి. అను పెట్టె ద్వారా సింగిల్ ఫేజునుండి సుమారు మూడు హార్స్‌పవరు త్రీఫేజు మోటారును నడుపవచ్చును. కాని అప్పుడు మోటారు తీగలను స్టార్ నుండి డెల్టాకు మార్చి కట్టవలసియుండును. అది తెలిసిన ఎలక్ట్రీషియను చేయవలసిన పని. పైగా ఆ పెట్టె ఒక మోటారుకే గాని యంత్రమంతటికి కాదు. మరియొక హెచ్చరిక: పొలములో త్రీఫేజు ఉన్నదిగదా యని బావి కనెక్షనునుండి పనిశాలకు తీగ లాగరాదు. ఇచ్చిన ప్రయోజనమునకు గాక వేరొక ప్రయోజనమునకు విద్యుత్తును వాడుట 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగమగును. రెట్టింపు రుసుము చెల్లించవలసి వచ్చును.

పళ్ళు పట్టి చూచుట

చూడబోవునప్పుడు అయస్కాంతపు స్టాండుతో కూడిన డయల్ గేజి నొకదానిని వెంట తీసికొనిపొండు. అది మిల్లీమీటరులో నూరవవంతును చూపును. మన తలవెంట్రుక మందము సుమారు 0.07 మిల్లీమీటరు గనుక, వెంట్రుకలో ఏడవ భాగమును కూడ మీరు చూడగలరన్నమాట. ఇది లేకుండ పాత యంత్రమును చూడబోవుట, కొలపాత్ర లేకుండ ధాన్యము కొనబోవుటయే.

బల్లను నడుపునది బాల్ స్క్రూ. అది అరిగినచో, దిశ మార్చినప్పుడు స్క్రూ తిరుగును గాని బల్ల కొంచెము సేపు కదలదు. ఈ వదులునే బ్యాక్‌లాష్ అందురు. దీనిని కనిపెట్టుట సులభము. డయల్ గేజి ముల్లును బల్లకు ఆనించి, బల్లను ఒక దిక్కుకు కొంచెము జరిపి, సున్న పెట్టి, మరల అదే దిక్కుకు 0.10 జరిపి, తరువాత 0.10 వెనుకకు జరుపుడు. ముల్లు సున్నకు రాకుండ ఎంత మిగిలిపోవునో అంత వదులు. నూరవవంతులో ఒకటి రెండైన మంచిది. మూడు వరకు మన ముచ్చటకు సహింపవచ్చును. ఐదు దాటినచో ఆలోచింపవలెను.

ఇచ్చట ఒక కిటుకు కలదు. పని ఎల్లప్పుడు బల్ల నడుమనే జరుగును గనుక స్క్రూ నడుమనే అరుగును, కొసలు క్రొత్తవానివలె నుండును. అందుచే రెండు కొసలలోను, నడుమను మూడు చోట్ల కొలువవలెను. మరియొక కిటుకు: కంప్యూటరులో ఈ వదులును సరిదిద్దు అంకె యొకటి ఉండును. దానిని పెంచి నడుమ వదులును కప్పిపుచ్చవచ్చును. కాని నడుమకు సరిపోయిన అంకె కొసలకు సరిపోదు. అచ్చట ముల్లు సున్నను దాటిపోవును. మూడు చోట్ల కొలిచినవానిని ఎవరును మోసగింపలేరు.

తరువాత స్పిండిలును చూడవలెను. పనిముట్టు కూర్చుండు శంఖాకారపు రంధ్రమును శుభ్రమైన గుడ్డతో తుడిచి, గేజి ముల్లును దాని లోపలి గోడకు ఆనించి స్పిండిలును చేతితో మెల్లగా త్రిప్పుడు. ముల్లు నూరవవంతులో సగముకంటె ఎక్కువ ఊగకున్న మంచిది. రెండు నూరవవంతులు ఊగినచో బేరింగులో, ఆ రంధ్రములో దోషమున్నది. ఆ రంధ్రము ఏ కొలతదో కూడ అడిగి వ్రాసికొనుడు. బి.టి. 30, బి.టి. 40, ఆర్ 8 అని పలు రకములు కలవు. బజారులో పనిముట్లు దొరకని రకమైనచో యంత్రము మంచిదైనను చిక్కే.

బల్ల క్రిందికి వంగి, దారులపై నూనె తడి యున్నదో లేదో వ్రేలితో తాకి చూడుడు. నూనె పంపు చెడినను పట్టించుకొనని యజమాని తక్కినవానిని మాత్రము పట్టించుకొనునా? క్రొత్త రంగును చూచి మురియవద్దు. రంగుకంటె నూనె మరక మేలు.

నడిపించుట, కాడి కట్టుట

నడువని యంత్రమునకు నడిచెడి యంత్రపు ధర నెన్నడును ఇయ్యవలదు. కరెంటు లేదన్నచో ఉన్న రోజుననే వచ్చెదమని చెప్పి తిరిగి రండు. మూడు దిక్కులకు కొసనుండి కొసవరకు బల్లను పరుగెత్తింపుడు. స్పిండిలును అరగంట గరిష్ఠ వేగముతో త్రిప్పి, ఆపి, దాని పైకవచమును తాకుడు. గోరువెచ్చగా నున్న సరి. చేయి నిలువనంత వేడియున్న బేరింగులు పోయినట్లే. ఎర్రని ఆపుదల బొత్తమును నొక్కి వెంటనే ఆగుచున్నదో లేదో చూడుడు.

కాడి కట్టుటయనగా లోహమును కోయించుట. ఒక అల్యూమినియము దిమ్మెను మీరే తీసికొనిపోయి, దానిపై 50 మిల్లీమీటరుల వృత్తమును కోయింపుడు. వృత్తములో నాలుగుచోట్ల బల్ల దిశ మార్చవలసియుండును గనుక, వదులున్నచో ఆ నాలుగుచోట్ల గోటికి తగులునంత మెట్టు కనబడును. మైక్రోమీటరుతో నాలుగు వైపుల వ్యాసమును కొలువుడు. వ్యాపారి మాట మారవచ్చును గాని ఆ దిమ్మె మాట మారదు.

కంప్యూటరు పెట్టెను తెరపించి, అంకెల పట్టిక యున్నదా, దాని నకలు కార్డులోనైన, కాగితముమీదనైన ఇత్తురా యని అడుగుడు. నకలు చేతికి వచ్చువరకు సొమ్ము ఇయ్యవలదు. బ్యాటరీని మార్చునప్పుడు తయారీదారు పుస్తకమును చూడవలెను. పెక్కు యంత్రములలో కరెంటు ఉండగనే మార్చవలెను. ఆపి మార్చినచో నాకు పట్టిన గతియే పట్టును. కొన్ని జపాను యంత్రములలో ఉన్నచోటు నుండి కదిలించినచో పని మానివేయు ఏర్పాటు కలదు. తయారీదారు అనుమతించిన గాని మరల నడువవు. ఈ సంగతి కూడ ముందే విచారింపవలెను.

కాగితములు, తరలింపు, కళ్ళెము

బిల్లు లేనిదే యంత్రమును లేవదీయరాదు. దానిపై యంత్రపు వరుస సంఖ్య ఉండవలెను. యంత్రము బ్యాంకు అప్పుకు తాకట్టులో నున్నదేమో విచారించి, ఉన్నచో బ్యాంకువారి అభ్యంతరము లేదను పత్రమును కోరవలెను. వేలములో కొనువారు ఉన్నది ఉన్నట్లే కొనవలసియుండును. తరువాత చేయు ఫిర్యాదునకు విలువ ఉండదు. కావున పాటకు ముందే పరీక్ష.

తరలించునప్పుడు బల్లను నడుమకు తెచ్చి, తలను క్రిందికి దించి దానిక్రింద కొయ్య దిమ్మెను పెట్టి బిగింపవలెను. లారీపై మోకులతో గట్టిగా కట్టవలెను. దించుటకు హైడ్రా క్రేను వచ్చు దారి మీ ఇంటికి కలదా? తలుపు ఎత్తెంత? ఇవి ముందే కొలిచి పెట్టుకొనుడు.

గుఱ్ఱమును కొనినవాడు కళ్ళెమును కొనలేడా యని సామెత. ఈ వర్తకములో మాత్రము కళ్ళెమునకే చాల ఖర్చగును. వైసు, కాలెట్లు, కట్టరులు, కొలత సాధనములు, నూనెలు, తరలింపు, తీగలు ఇవన్నియు వేరు. చేతనున్న సొమ్ములో మూడవవంతును వీనికై ప్రక్కన పెట్టి, మిగిలిన దానితోనే బేరమాడుడు. అప్పుచేసి పప్పుకూడు తినరాదు. పని ముచ్చటకైనప్పుడు అప్పు ముచ్చట పనికిరాదు.

ఒక యువకుని అనుభవము

రెండేండ్ల క్రిందట పొరుగు గ్రామపు యువకుడొకడు నన్ను వెంటబెట్టుకొని యంత్రమును చూడబోయెను. అతని తండ్రి రెండు గేదెలను అమ్మి ఇచ్చిన సొమ్ము సంచిలో నున్నది. యంత్రము చూపులకు చక్కనిది. కొసలలో వదులు 0.03, నడుమ 0.12. అతడు ముల్లువైపు చూచి, నావైపు చూచి, "అయినా కొనేద్దాం మాస్టారూ, ఇంత దూరం వచ్చాం గదా" అనెను. నేను మా ఇంటి చూరుక్రింది గిన్నెల సంగతి చెప్పితిని. ఇద్దరమును వట్టి చేతులతో బస్సెక్కితిమి. దారిపొడుగున అతడు నాతో మాటాడలేదు.

నాలుగు నెలలకు ఒక పాలిటెక్నిక్కులో శిక్షణ యంత్రమొకటి వేలమునకు వచ్చినది. దాని కంప్యూటరు చచ్చినది, మోటారులు పనికిరావు. అయినను మేము స్క్రూ కప్పీలను చేతితో త్రిప్పుచు గేజితో కొలిచితిమి. మూడుచోట్లను 0.02 దాటలేదు. స్పిండిలు నిర్దోషము. కంప్యూటరు చచ్చినదని తెలిసి చచ్చిన యంత్రపు ధరకే కొంటిమి. నేను తెలియక కొన్నదియు అట్టిదే. ఇతడు తెలిసి కొన్నాడు. భేదమంతయు అచ్చటనే యున్నది.

మిగిలిన సొమ్ముతో క్రొత్త మోటారులను, డ్రైవులను తెచ్చి, ఒక పాత కంప్యూటరులో లైనక్స్ సి.ఎన్.సి. అను ఉచిత ప్రోగ్రామును పెట్టెను. అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ 1990 దశకమున ప్రారంభించిన కృషినుండి వెలసిన ప్రోగ్రామిది. ఎవరైనను వెల లేకుండ వాడుకొనవచ్చును. నాలుగు నెలల సాయంకాలములు పని పట్టినది. తొలి వృత్తమును కోసిన రాత్రి అతని తండ్రి కూడ వచ్చి నిలుచుండెను. ఆ వృత్తమును వ్రేలితో తడిమి, "ఇందులో మన గేదెలు కనబడుతున్నాయిరా" అని నవ్వెను.

తుది మాట

యంత్రము ఇల్లు చేరిన పిమ్మట ప్రాణరక్షణ ముఖ్యము. తిరుగు స్పిండిలు దగ్గర చేతితొడుగులు, కండువా, వ్రేలాడు చొక్కా చేతులు ఉండరాదు. కంటి అద్దములు లేక కోయరాదు. పాత యంత్రములలో తలుపు తెరచిన ఆగు ఏర్పాటును ఎవరో తీసివేసియుందురు. దానిని మొదట బాగుచేసికొనుడు. కరెంటు తీసిన వెంటనే డ్రైవు పెట్టెలో చేయి పెట్టరాదు. అందులోని కెపాసిటరులలో ప్రాణము తీయగల విద్యుత్తు కొన్ని నిమిషములు నిలిచియుండును. తయారీదారు చెప్పినంతసేపు వేచి, కొలిచి చూచిన పిమ్మటనే తాకవలెను.

యువకులారా, నేను ముప్పది ఏండ్లు నేర్పిన విద్య, వ్యాపారి ముందు నిలిచిన ఆ అరగంటలో నాకు పనికిరాలేదు. ఏలననగా, కోరిక ముందు నడచి, కొలత వెనుకబడినది. మీకు అట్లు కారాదు. నా డయల్ గేజిని ఈ గ్రంథాలయమున ఉంచిపోవుచున్నాను. యంత్రమును చూడబోవువారు పుస్తకమును తీసికొనినట్లే సంతకము చేసి దీనిని తీసికొనిపోయి, మరల తెచ్చి ఇయ్యగలరు. ముల్లు చెప్పినది వినుడు. వట్టి చేతులతో తిరిగి వచ్చుటకు సిగ్గుపడకుడు.